నాలుగో లైనుకీ ఐదో లైనుకీ మధ్య

వనమాల మేడం చేతిలోని ఎర్ర పెన్ను జవాబులో నాలుగో లైను చివరికి వచ్చేసరికి అక్కడ కాగితం అయిపోయి నేల మొదలైంది.

ఆవిడ పెన్ను పైకెత్తి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. నేలే. ఆరిన బాల్‌పెన్ను సిరా ఎంత నీలంగా ఉంటుందో అంత నీలంగా ఉంది. ఐదో లైను ఆ నేలకి అవతల, చాలా దూరాన, మసక మసకగా కనిపిస్తోంది.

ఇంటర్ రెండో సంవత్సరం లెక్కల పేపర్లు దిద్దే క్యాంపు అది. హనుమకొండలో ఒక కాలేజీ పై అంతస్తులో పొడుగాటి హాలు. బల్లకొక లెక్చరర్ కూర్చుని దిద్దుతున్నారు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి కానీ అవి ఏప్రిల్ గాలినే అటూ ఇటూ తోస్తున్నాయి తప్ప చల్లబరచడం లేదు. వనమాల ఇరవయ్యారేళ్ళుగా పరకాలలో లెక్కలు చెబుతోంది. ఆవిడ దిద్దిన పేపరంటే క్యాంపులో అందరికీ ఒక నమ్మకం. రావలసిన మార్కు పోదు, రాకూడని మార్కు రాదు. "జాలికి మార్కుల్లేవు, కోపానికి కోతల్లేవు" అని ఆవిడే అంటుంటుంది.

ఈ పేపరు రాసిన పిల్ల మొదట చిన్న ప్రశ్నలన్నీ గబగబా రాసేసింది. వాటికి పందొమ్మిది వచ్చాయి. తర్వాత ఏడు మార్కుల ప్రశ్న ఒకటి ఎత్తుకుంది. అది రాసి ఆగిపోయింది. ఆ తర్వాత పేజీలన్నీ ఖాళీ.

పుస్తకంలో ఆ ప్రశ్న గంభీరంగా ఉంటుంది కానీ సంగతి చిన్నదే. ఒకవైపు గట్టు వంపు తిరిగిన పొలం ఉంది, దాని విస్తీర్ణం ఎంత? వంపు ఉన్నచోట కొలకర్ర పనికిరాదు. అందుకని పొలాన్ని నిలువు పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీని కొలిచి, అన్నిటినీ కూడాలి. పట్టీలు ఎంత సన్ననైతే లెక్క నిజానికి అంత దగ్గరికొస్తుంది. అవి అంతులేనంత సన్ననైపోయిన చోట లెక్క ఇక దగ్గరికి రావడం మానేసి, నిజమే అయిపోతుంది.

దగ్గరికి రావడానికీ, నిజం అయిపోవడానికీ మధ్య ఒక స్టెప్పుంది. బోర్డు వాళ్ళు పంపిన కీ ప్రకారం మొదటి నాలుగు లైన్లకు మూడు మార్కులు, చివరి జవాబుకు రెండు, ఆ మధ్య స్టెప్పుకు రెండు. ఈ పిల్ల నాలుగో లైనులో పట్టీల కూడిక రాసింది. ఐదో లైనులో జవాబు రాసింది. జవాబు సరైనదే. మధ్యలో మాత్రం ఏమీ లేదు.

ఆ రెండు మార్కులూ ఇస్తే మొత్తం ఇరవయ్యారు, పిల్ల పాసవుతుంది. ఇవ్వకపోతే ఇరవై నాలుగు, తప్పుతుంది.

వనమాల చీఫ్ ఎగ్జామినర్ బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆవిడ దిద్దినవాటిని మళ్ళీ చూసి సంతకం పెట్టే పెద్దమనిషి ఆయన. పేరు బైరి రామలింగం. చేనేత ఇంట పుట్టి, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకునే ఎక్కాలు నేర్చుకున్నవాడు. వచ్చే ఏడు రిటైరవుతాడు.

"సార్, ఈ పేపర్ల నేలున్నది. లోపలికి పోయి చూసొస్త."

రామలింగం తలెత్తలేదు. "వాచీ తీసి ఈడ పెట్టి పోండి మేడం. లోపల నడిచేది వాళ్ళ టైము."

ఆవిడ వాచీ తీసి ఆయన బల్ల మీద పెట్టింది. చెప్పులు బల్లకింద విడిచింది. నాలుగో లైను చివర ఉన్న చుక్క మీద కుడికాలు మోపి లోపలికి దిగింది.

లోపల ఎండ లేదు, నీడ కూడా లేదు. ఎటు చూసినా కాగితం తెలుపు. కాళ్ళ కింద నేల పట్టీలు పట్టీలుగా పరిచి ఉంది. మొదటి పట్టీ నులకమంచమంత వెడల్పు. దాని పక్కది కాస్త ఎత్తుగా, బల్ల చెక్కంత. ఆ తర్వాత స్కేలంత, ఆ తర్వాత వేలంత. మెట్ల మీద నడిచినట్టు ఆవిడ పైకి నడిచింది. నడిచేకొద్దీ మెట్లు సన్నబడుతున్నాయి. కాసేపటికి అరికాలికి గోనెపట్టా మీద నడుస్తున్నట్టు అనిపించింది. ఇంకాసేపటికి నూలు చీర మీద. ఆ తర్వాత మెట్లున్నాయని తెలుస్తూనే ఉంది, కాలికి మాత్రం తగలడం లేదు.

అక్కడ నేల తెగిపోయింది.

తెగినచోట లోయ. లోయకి అవతల ఐదో లైను నేల. దాని మీద పట్టీలు లేవు, గీతలు లేవు. వానపడి ఆరిన పలకలా నున్నగా ఉంది.

మిగతా పేపర్లలో ఈ చోట ఒక వంతెన ఉంటుంది. వనమాల దాన్ని వేల సార్లు చూసింది. గైడులో ఉండే వంతెన అది. దాన్ని ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. పిల్లలు తల వంచుకుని వరుసలో దాని మీదుగా దాటిపోతారు, వంతెన గట్టిదా కాదా అని చూసి ఆవిడ రెండు మార్కులు వేస్తుంది. కిందకి ఎవరూ చూడరు. ఆవిడ కూడా ఎన్నడూ చూడలేదు. క్లాసులో ఈ చోటికి రాగానే "ఈ ముక్కను ఇట్ల అనుకోండి, ఆ ముక్కను అట్ల అనుకోండి" అని చెప్పి దాటించేస్తుంది. అనుకోండి అన్న మాటకు ఎవరూ అడ్డు చెప్పరు.

ఇక్కడ వంతెన లేదు. అంచున ఒక ఆడపిల్ల కాళ్ళు లోయలోకి వేలాడేసుకుని కూర్చుంది. రెండు జడలూ పైకి మడిచి రిబ్బను కట్టింది. వీపు ఇటుపెట్టుకుని ఉంది.

"వెనక్కి తిరగను మేడం" అంది ఆ పిల్ల. "నేనెవలో తెల్వొద్దని నా నంబరు చింపి తీసిండ్రు గద."

"తిరగకు. నేను చూడొద్దు" అంది వనమాల. "ఈడికెంచి ఆడికి ఎట్ల పోయినవ్?"

"దుంకిన."

"మధ్యల స్టెప్పు రాయాలె గద బిడ్డా."

"దుంకేటప్పుడు మధ్యల కాలు పెట్టతందుకు ఏముంటది మేడం?"

వనమాల ఆ మాటలో తప్పు వెతికింది. దొరకలేదు.

"మిగిలిన ప్రశ్నలు ఎందుకు వదిలేసినవ్? అవి రాస్తే ఈ రెండు మార్కులతోని పనే లేకుండె."

"రాద్దామనే అనుకున్న. ఒకసారి దుంకి అవతల జవాబు రాసిన. మళ్ళ ఒకసారి చూద్దామని ఇవతలికొచ్చిన. మళ్ళ దుంకిన. గట్లనే చూసుకుంట ఉన్న. బెల్లు కొట్టిండ్రు."

"ఏం చూసినవ్ అంత సేపు?"

పిల్ల జడలు అటూ ఇటూ ఊగాయి. "చెప్పొస్తలేదు మేడం. చెప్పొస్తే స్టెప్పు రాస్తుంటి గద."

వనమాల అంచున నిలబడి చాలాసేపు ఆలోచించింది. అవతలి జవాబు కాపీ కొట్టింది కాదని ఆవిడకి తెలుసు. కాపీ కొట్టిన జవాబు చుట్టూ వేరేవాళ్ళ అడుగులుంటాయి. ఆ నున్నటి నేల మీద ఒక్కరి అడుగులే ఉన్నాయి, చిన్నవి, వచ్చినవీ పోయినవీ. కానీ దాటిందని తెలియడం వేరు, ఎలా దాటిందో తెలియడం వేరు. తెలియనిదానికి మార్కు వేయడం ఆవిడ చేతకాదు. తెలుసుకోకుండా సున్నా చుట్టడమూ చేతకాదని అప్పుడే తెలిసింది.

ఆవిడ పెన్ను కొప్పులో గుచ్చుకుంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంది.

"మోకాళ్ళ నొప్పులున్నయ్ నాకు" అంది, ఎవరితోనో కాదు.

"మోకాళ్ళతోని పని లేదు మేడం. కింద ఆఖరి పట్టీ ఏడున్నదో ఎతుక్కుంట దుంకాలె. అంతే."

వనమాల దూకింది.

గాలిలో ఆవిడ పడిపోవడం లేదు, ఎగరడమూ లేదు. కిందకి చూసింది. నేల తెగిపోయిందనుకున్న చోట అది తెగలేదు. పట్టీలు ఇంకా ఉన్నాయి. వెంట్రుకంత, వెంట్రుకలో వెయ్యో వంతంత, ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉన్నాయి. ఆవిడ ఆఖరిదాన్ని వెతికింది. ఇదే అనుకుంటే దాని పక్కన ఇంకొకటుంది. దాన్ని పట్టి చూస్తే అందులో ఇంకా సన్నవి ఉన్నాయి. ఎంత దూరం చూస్తే అంత దూరమూ ఉన్నాయి. చూపు అలసిపోలేదు, ముందుకు పోతూనే ఉంది. అన్ని ఉన్నా అవి పొంగిపొర్లలేదు. అంతులేనన్ని పట్టీలూ బుద్ధిగా సర్దుకుని, రెండు గట్ల మధ్య ఒక చిన్న పొలంలో, ఒక్క గింజంత కూడా ఎక్కువా తక్కువా కాకుండా ఇమిడి ఉన్నాయి.

ఇరవయ్యారేళ్ళుగా తను పిల్లలను చెయ్యిపట్టి దాటించింది దీని మీదుగానా?

ఆఖరి పట్టీ దొరకదని తెలిసిన క్షణాన కాలికి నున్నటి నేల తగిలింది.

అవతలి ఒడ్డున ఆవిడ అలాగే కూర్చుండిపోయింది. గుండె కొట్టుకోవడం నేలలోంచి వినిపిస్తోంది. లోయ అవతల నుంచి పిల్ల కేకేసింది.

"చూసిండ్రా మేడం?"

"చూసిన" అంది వనమాల. "చెప్పొస్తలేదు గాని, చూసిన."

కొప్పులోంచి పెన్ను తీసి ఐదో లైను పక్కన టిక్కు పెట్టి, మార్జిన్లో రెండు వేసింది.

*

పేపరు రామలింగం ముందుకు వెళ్ళింది. ఆయన నాలుగో లైను చూశాడు, ఐదో లైను చూశాడు, మార్జిన్లో ఉన్న రెండు చూశాడు.

"స్టెప్పేది మేడం?"

"స్టెప్పు లేదు సార్. దుంకింది."

"దుంకితే రెండు మార్కులు ఇయ్యాలని కీల లేదు."

"వేరే పద్ధతిల చేసినా, సరైనదైతే పూర్తి మార్కులు ఇయ్యాలని ఉన్నది."

రామలింగం కీ తెప్పించి ఆ వాక్యం వేలు పెట్టి చదివాడు. ఉంది. కళ్ళజోడు నుదుటి మీదకి తోశాడు. "అయితే దుంకుడు పద్ధతేనా కాదా, అది తేల్చాలె. ఆ పిల్ల ఒక్కసారి దాటితే అదృష్టం అనుకోవచ్చు. పదిసార్లు దాటితే అలవాటు. ఇంకొకరు గూడ దాటితేనే పద్ధతి."

"నేను దాటిన సార్."

"మీరు పేపరు దిద్దినోళ్ళు. మీ సాక్ష్యం మీకే చెల్లదు."

ఫ్యాను కింద ఆయన ముందున్న పేపరు అంచు లేచి పడుతోంది. సంతకం చేయకుండా ఆ రెండును కొట్టేస్తే అడిగేవాళ్ళు లేరు. నిబంధన ఆయన వైపే ఉంది. రామలింగం ఆ లేచిపడే కాగితాన్నే చూస్తూ ఉన్నాడు. తర్వాత చేతిగడియారం విప్పి వనమాల గడియారం పక్కన పెట్టాడు.

"నా షుగరు గోలీలు మీ తాన ఉంచుండ్రి" అని లేచాడు.

వనమాల వెంట రాగా, పట్టీల మీద ఆయన మెల్లగా, చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు. సన్నబడేకొద్దీ ఆగి ఆగి వంగి వేళ్ళతో తడిమి చూశాడు. "ఇది ముప్పై నంబరు నూలు" అన్నాడొకచోట. "ఇది అరవై." ఇంకాస్త ముందు, "ఇది నూటిరవై. మా నాయన ఒక్కసారే నేసిండు." ఆ తర్వాత నంబర్లు చెప్పడం మానేశాడు.

అంచుకి చేరాక ఆయన లోయని చూసి ఒకడుగు వెనక్కి వేశాడు. పిల్ల వీపు ఇటే పెట్టుకుని లేచి నిలబడి నమస్కారం పెట్టింది. ఆ నమస్కారం లోయకి పెట్టినట్టయింది.

"ఎట్ల దుంకాలె అమ్మా?"

"ఆఖరి పట్టీని ఎతుక్కుంట దుంకాలె సార్."

"దొరుకుతదా?"

"ముందుగాల చెప్తే మీరు ఎతకరు."

రామలింగం చొక్కా చేతులు మడిచాడు. దూకాడు.

దూకి గాలిలో ఆగిపోయాడు.

వనమాల ఎదురుచూసింది. ఆయన దిగడం లేదు. లోయ నడిమధ్య వంగి, రెండు చేతులూ మోకాళ్ళకి ఆనించి, కిందికి చూస్తున్నాడు. తెగిన పోగు కోసం మగ్గం మీదికి వంగినట్టే వంగాడు.

"సార్, దిగుండ్రి."

"ఉండుండ్రి మేడం. దొరుకుతది."

ఎంతసేపయిందో చెప్పడానికి అక్కడ గడియారం లేదు. ఆయన దిగకపోతే దూకడం పద్ధతి కాదు. పద్ధతి కాకపోతే మార్కులు లేవు. పిల్ల గొంతులో మొదటిసారి బెదురు వినిపించింది.

"మేడం, సార్ లెక్కవెడుతున్నరు."

నిజమే. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆయన పని అదే. మార్కులు కూడడం, మళ్ళీ కూడడం, రెండు మొత్తాలూ ఒకటయ్యేదాకా సంతకం పెట్టకపోవడం. ఆ మనిషి ఇప్పుడు ఒక్కో పట్టీనీ లెక్కపెడుతున్నాడు.

"సార్" అని పిలిచింది వనమాల. "మొత్తం ఇదివరకే తెలిసింది. ఐదో లైనుల రాసున్నది. పోగులు లెక్కవెట్టకున్నా బట్ట బట్టనే గద."

రామలింగం పెదవులు ఆగాయి. ఆయన ఇంకోసారి కిందికంతా చూశాడు, ఈ చివర నుంచి ఆ చివర వరకూ. ముఖం మెల్లగా విప్పారింది. చిన్నపిల్లవాడు మొదటిసారి సముద్రం చూసినప్పటి ముఖం అది.

"ఇది ఎన్నటికీ దొరకదు గదా" అన్నాడు. అందులో దిగులు లేదు. దండం పెట్టుకునే గొంతుతో అన్నాడు.

ఆయన కాళ్ళు అవతలి నేలకి ఆనాయి.

వనమాల ఆయన వెనకే దూకింది. పిల్ల ఆమె వెనక దూకింది. వాళ్ళు వెళ్ళేసరికి రామలింగం గొంతుకూర్చుని రెండు అరచేతులతో నేలని నిమురుతున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారి ముక్కు చివర నిలిచాయి. తుడుచుకోలేదు.

"అతుకు లేదు మేడం" అన్నాడు. "పోగు లేదు. అన్ని పోగులు పోసి నేసి, ఒక్క పోగు కనిపించకుండ చేసిండ్రు. ఎవల చెయ్యి ఇది?"

కాసేపు ముగ్గురూ ఆ నున్నటి నేల మీద కూర్చున్నారు. పిల్ల ముఖం మాత్రం అటువైపే.

రామలింగం జేబులోంచి ఆకుపచ్చ పెన్ను తీశాడు. వనమాల వేసిన రెండు పక్కన పొట్టి సంతకం చేశాడు. మొత్తం కూడాడు. మళ్ళీ కూడాలని చెయ్యి కదిలింది, ఆపుకున్నాడు. ఇరవయ్యారు.

పిల్ల తనకెన్ని వచ్చాయని అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు, చెప్పకూడదు. ఆమె అడిగింది వేరే.

"ఇంకొకసారి దుంకొచ్చునా సార్?"

"నీ పరీక్ష అయిపోయింది బిడ్డా" అన్నాడు రామలింగం. "ఇగ నీ ఇష్టం."

పిల్ల పరుగెత్తింది. జడలు ఎగిరాయి. లోయ మీద ఆమె కాసేపు కనిపించింది, తర్వాత తెలుపులో తెలుపై కలిసిపోయింది. నాలుగో లైను ఒడ్డున దిగిన చప్పుడు మాత్రం వాళ్ళకు వినిపించలేదు.

*

ఇంక ఒక్క పని మిగిలింది. పిల్లలు రాయకుండా వదిలేసిన పేజీల మీద అడ్డంగా ఎర్రగీత కొట్టాలి. తర్వాత ఎవరూ వాటిలో ఏమీ రాయకుండా ఉండటానికి.

ఐదో లైను దాటితే ఆ ఖాళీ పేజీలే. అవి మైదానంలా పరుచుకుని ఉన్నాయి. చెట్టు లేదు, రాయి లేదు, ఒక చుక్క సిరా లేదు. రామలింగం నేల నిమరడం ఆపి అటు చూశాడు. "చానా వదిలేసింది" అన్నాడు మెల్లగా. మెచ్చుకుంటున్నాడో నొచ్చుకుంటున్నాడో వనమాలకి అర్థం కాలేదు.

ఆవిడ వంగి ఎర్ర పెన్ను నేలకి ఆనించి నడవడం మొదలుపెట్టింది. గీత ఆవిడ వెనక తిన్నగా వస్తోంది. నడుస్తూ నడుస్తూ తిరిగి చూస్తే రామలింగం గోరంత అయ్యాడు. ఇంకోసారి చూస్తే కనిపించలేదు. మోకాళ్ళు నొప్పి పెట్టడం లేదు. మైదానం అవతలి అంచు దగ్గర పడుతున్నట్టే ఉంది, పడటం లేదు. ఆవిడకి తొందర లేదు.

ఒకచోట పెన్నులో సిరా అయిపోయింది. ఆవిడ ఆగి పెన్ను ఎత్తింది.

గీత ఆగలేదు. పెన్ను ఎత్తినచోటు నుంచి అది తనంతట తానే ముందుకు సాగింది, సన్నగా, ఎర్రగా, తెలుపు మీదుగా, ఆ తెలుపు అంచు దాకా. అక్కడ ఆకాశంలోకి ఎక్కి కనిపించకుండా పోయింది. వనమాల మోకాళ్ళ మీద కూర్చుని గీత మీద చెయ్యి పెట్టింది. అది గీత కాదు, దారం. బిగువుగా, వెచ్చగా ఉంది.

"ఎవల చెయ్యి ఇది" అన్న రామలింగం మాట తలుచుకుని, ఆవిడ చూపుడు వేలికి దాన్ని ఒక చుట్టు చుట్టుకుంది.

చాలా దూరం నుంచి, ఆ రెండో కొస పట్టుకున్న వాళ్ళెవరో ఒక్కసారి మెల్లగా లాగారు.